ఎవరికీ ఏమీ కాని కేసు

ఆ సైటులో అతని అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. అందరూ పైవాడు అనే పిలిచేవారు. టవర్ క్రేన్ నడిపేవాడు పొద్దున ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి తప్ప దిగడు కదా! కింద తాపీ మేస్త్రీలకి సిమెంటు కావాలన్నా, కమ్మీ కట్టేవాళ్ళకి చువ్వలు కావాలన్నా తల పైకెత్తి అతన్నే అడగాలి. "పైవాడి దయ ఉంటే భోజనాలకి ముందే స్లాబు పడుతుంది" అని ఒకడంటే, "పైవాడు ఇంకా టీ తాగుతున్నాడు, ఓపిక పట్టు" అని ఇంకొకడు నవ్వేవాడు. అతనికీ ఆ పేరు ముచ్చటగానే ఉండేది. ఇంట్లో భార్య మాత్రం, "పైవాడట, పైవాడు! అటక మీంచి పెట్టె దించమంటే నడుం పట్టేసిందంటాడు" అని దెప్పేది.

అలాంటి మనిషిని ఒకరోజు పనిలోంచి తీసేశారు.

ఆ రోజు గోడ అచ్చులకి వాడే పెద్ద పెద్ద షట్టరింగ్ పలకల్ని పై అంతస్తుకి చేర్చాలి. ఒక్కొక్కటీ లారీ పక్కగోడంత ఉంటుంది. కింద చుట్టూ భవనాలు అడ్డం ఉండటంతో చొక్కా కొస కూడా కదలడం లేదు. పైన క్యాబిన్‌లో మాత్రం అతని కుర్చీ పడవలా ఊగుతోంది. గాలి వేగం చూపించే మీటరు పాడై చాలాకాలమైంది. చెప్పీ చెప్పీ అతని నోరే నొప్పి పుట్టింది గాని, కొత్తది రాలేదు. మొదటి పలకని చుట్టుపక్కల మేడల కప్పులు దాటించగానే అది గాలి పట్టి గిర్రున తిరిగింది. మెల్లగా నేలకి దించేసి, "ఇవాళ ఇవి ఎత్తలేను" అని వాకీటాకీలో చెప్పాడు.

కింద సిగ్నల్ ఇచ్చే కుర్రాడి చేతిలోంచి సైటు మేనేజరు వాకీటాకీ లాక్కున్నాడు. ఆ కుర్రాడంటే మరీ చిన్నవాడేం కాదు, ఇద్దరు పిల్లల తండ్రి. ఎర్ర జెండా నడుముకి దోపుకుని తిరుగుతాడని అందరూ జెండా అంటారు.

"గాలెక్కడుందయ్యా? ఇక్కడ ఆకు కూడా కదలట్లేదు!"

"అక్కడ లేదు సార్. ఇక్కడుంది."

"కాంక్రీటు లారీలు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాయి. ఎత్తు."

"పలక గాలి పట్టేస్తోంది సార్. నా అదుపులో ఉండదు. కింద మనుషులున్నారు."

"ఎత్తుతావా, దిగుతావా?"

అతను గాజులోంచి కింద నిలబడ్డ మనుషుల వైపు ఒకసారి చూశాడు.

"దిగుతాను సార్."

గాలికి క్రేన్ కూలిపోకుండా, దాని చెయ్యి గాలివాటుకి దానంతటదే తిరిగేలా బ్రేకు వదిలేసి, నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని దిగిపోయాడు. సాయంత్రానికల్లా చేతిలో కాగితం పెట్టారు. పైఅధికారి మాట ధిక్కరించాడు, యంత్రాన్ని వదిలేసి వెళ్ళిపోయాడు, పని ఆపించాడు. ఆ తర్వాత విచారణ అని ఒక తతంగం నడిపి, ఉద్యోగం తీసేసినట్టు చెప్పారు.

మొదట్లో అతనికి కోపం వచ్చింది. కోపం ఉన్నన్నాళ్ళూ బాగానే ఉన్నాడు. కోపం తగ్గాకే కష్టమైంది. పని ఆగిపోయి ఆ పూట ఖాళీగా ఇంటికెళ్ళినవాళ్ళు కొందరు, "మాకేం గాలి తగల్లేదే! వయసు మీద పడుతోంది, భయం పట్టుకున్నట్టుంది" అన్నారట. ఆ మాట చెవిన పడ్డాక అతనికి నిద్ర పట్టడం మానేసింది. గాలిని ఎవరికి చూపిస్తాడు? అది వచ్చింది, పోయింది. పలక పడలేదు, ఎవరి తలా పగల్లేదు. నిజంగానే కుర్చీ ఊగిందా, లేక తన ఒళ్ళే వణికిందా? ఇరవై ఏళ్ళుగా ఎక్కిన మనిషికి తనమీద తనకే అనుమానం వచ్చింది.

"బావా, ఇలా గోడకేసి చూస్తూ కూర్చుంటే లాభం లేదు" అన్నాడు ఒకనాడు బావమరిది. ఇనుప రేకులు నొక్కే ప్రెస్సులో పడి అతని కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. "మా లాయరమ్మ దగ్గరికి వెళ్దాం పద. నన్ను మళ్ళీ అదే ఫ్యాక్టరీలో స్టోర్సు పనికి తీసుకునేలా చేసింది ఆవిడే."

"నీకంటే వేళ్ళు పోయాయి. నాకేం పోయిందని చూపించాలి?"

"ఉద్యోగం పోయింది కదయ్యా మొగుడా!" అంది లోపల్నుంచి భార్య, కుట్టుమిషను ఆపకుండానే. "లే, చొక్కా మార్చుకో. నేనూ వస్తాను. నువ్వొక్కడివే వెళ్తే అక్కడ కూడా 'దిగుతాను సార్' అని వచ్చేస్తావు."

లాయరమ్మ ఆఫీసు ఒక మందుల దుకాణం పైన ఉంది. ఇరుకు మెట్లు, పైకెళ్ళగానే ఒక బల్ల, గోడల పొడుగునా ఇనుప బీరువాలు. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. కాస్త భారీ మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారుతుంటాయి. కాళ్ళు నొప్పులేమో, బల్ల కింద చిన్న పీట వేసుకుని దానిమీద పాదాలు పెట్టుకుంది. బావమరిదిని చూడగానే, "ఏవయ్యా, చెయ్యెలా ఉంది? చలికి లాగుతోందా?" అని అడిగింది. ఆ తర్వాతే మిగతావాళ్ళని కూర్చోమంది.

అతను నోరు తెరిచేలోపే భార్య అందుకుంది. "అమ్మా, ఏమీ అనుకోకండి. మీరు ఇలాంటి కేసులు చేశారా? అసలు ఎక్కడ చదివారు, ఎన్నాళ్ళనుంచి చేస్తున్నారు?"

అతను సిగ్గుతో చచ్చిపోయాడు. లాయరమ్మ మాత్రం పెన్ను కింద పెట్టి హాయిగా నవ్వింది.

"అడగాల్సిన మాటే అడిగావమ్మా. బట్ట కొనేటప్పుడు రంగు పోతుందా అని అడుగుతాం, లాయర్ని పెట్టుకునేటప్పుడు మాత్రం అడగం. చెప్తా విను. మా నాన్న స్పిన్నింగు మిల్లులో టైంకీపరు. సైరను మోతతోనే నేను నిద్ర లేచేదాన్ని. పగలు ఒక ఆఫీసులో టైపు కొడుతూ సాయంత్రం క్లాసులకి వెళ్ళి లా చదివాను. మొదటి ఏడేళ్ళూ ఒక పెద్ద సీనియర్ దగ్గర పనిచేశాను. ఆయన కంపెనీల తరఫు లాయరు."

"కంపెనీల తరఫా!" భార్య కళ్ళు పెద్దవయ్యాయి.

"అవును. మనిషిని పనిలోంచి ఎలా తీస్తారు, నోటీసులో ఏ మాట రాస్తారు, ఏ మాట రాయకుండా దాస్తారు, ఆ విద్యంతా అక్కడే నేర్చుకున్నాను. ఒకరోజు ఆ సీనియరే నన్ను పిలిచి, 'అమ్మాయ్, నువ్వు ప్రతి కేసులోనూ అవతలి మనిషికి పిల్లలెంతమంది అని అడుగుతున్నావు. నీ చోటు ఇది కాదు. అటు వెళ్ళు, నాకు మంచి పోటీ ఇవ్వు' అన్నారు. తన పుస్తకాలు సగం నాకే ఇచ్చి పంపారు. ఇవాళ నేనిలా కూర్చున్నానంటే ఆయన చలవే. ఇక అప్పట్నుంచీ పనివాళ్ళ కేసులే. ఉద్యోగాల్లోంచి తీసేయడం, కాన్పు సెలవు అడిగితే పొమ్మనడం, పనిచేసేచోట ఆడపిల్లల్ని ఏడిపించడం, కాంట్రాక్టు పేరు చెప్పి పర్మనెంటు చేయకపోవడం. అన్నిటికన్నా ఎక్కువ చేసింది పని ప్రమాదాలు. ఇవి తప్ప ఇంకేం రావు నాకు. విడాకులు రావు, ఆస్తి తగాదాలు రావు. మా అన్నదమ్ముల ఇల్లు పంచుకునే గొడవ కూడా వేరే లాయరుకే అప్పజెప్పాను."

"గెలుస్తారా మరి?"

"చాలాసార్లు గెలిచాను. ఓడినవీ ఉన్నాయి. గెలిపిస్తానని మాటివ్వను గాని, చదవకుండా మాత్రం కోర్టుకి వెళ్ళను."

భార్య మొగుడి మోచేతిని పొడిచింది. "చెప్పు మరి."

అతను చెప్పాడు. లాయరమ్మ చట్టం మాటెత్తకుండా క్రేన్ గురించే అడిగింది. ఎంత ఎత్తు, కుర్చీలోంచి ఏం కనబడుతుంది, బ్రేకు ఎందుకు వదిలేశారు, వదలకపోతే ఏమవుతుంది? అడుగుతూ అడుగుతూ ఆగిపోయింది.

"మీరు చెప్తోంది వింటున్నాను గాని, నాకు తెలియడం లేదు. కింద లేని గాలి పైన ఉండటమేమిటో నాకే ఒంటికి పట్టకపోతే జడ్జిగారికి ఏం చెప్తాను? నేను ఎక్కి చూడాలి."

"మీరా మేడమ్?" అతని నోట్లోంచి వచ్చేసింది.

"ఏం, లావుగా ఉన్నాననా?"

వారం తిరక్కుండానే ఎక్కింది. వేరే సైటులో క్రేన్ నడిపే అతని పాత స్నేహితుడు అక్కడి ఇంజనీరుని ఒప్పించాడు. పని లేని రోజు, మబ్బు పట్టి కాస్త గాలున్న రోజు చూసుకుని వెళ్ళారు. హెల్మెట్టు పెట్టి, నడుముకి బెల్టు బిగించి, పైన స్నేహితుడు, కింద అతను, మధ్యలో లాయరమ్మ. కింద నిలబడ్డ భార్య చీర కొంగు కదలడం లేదు. "జాగ్రత్తమ్మా!" అని అరుస్తూనే ఉంది.

మొదటి అంచె దాకా ఆవిడ కబుర్లు చెబుతూనే ఎక్కింది. రెండో అంచెలో మాటలు తగ్గాయి. మూడో అంచెలో ఇనుప పలక మీద కూలబడి, "నా మోకాళ్ళు నన్ను తిడుతున్నాయి" అంది. దిగిపోదామన్నాడు అతను. తల అడ్డంగా ఊపి మళ్ళీ లేచింది. ఇంకొంచెం పైకి వెళ్ళేసరికి చుట్టుపక్కల మేడల కప్పులు కిందికి దిగిపోయాయి. అక్కడ తగిలింది గాలి. పక్కనుంచి ఎవరో తోసినట్టు తగిలింది. ఆవిడ నిచ్చెనని కావలించుకుని కళ్ళు మూసుకుంది.

క్యాబిన్‌లో కూర్చోబెట్టారు. పాదాల కింద గాజు, గాజు కింద అగ్గిపెట్టెల్లాంటి లారీలు. కుర్చీ మెల్లగా ఒక పక్కకి ఒరిగి, ఇంకా మెల్లగా వెనక్కి వచ్చింది. ఆవిడ ముఖం తెల్లబడిపోయింది. పట్టుకోవడానికి ఏదీ దొరక్క అతని చెయ్యి పట్టుకుంది.

"ఇది... ఇలాగే ఊగుతుందా?"

"ఇది తక్కువ మేడమ్. ఆ రోజు దీనికి రెండింతలు."

గాలి అద్దాలకి కొట్టుకుని ఈల వేస్తోంది. చివరికి ఆవిడ అతని వైపు తిరిగి, "ఉందయ్యా. గాలుంది" అంది.

అంతే. క్రేన్ నడిపేవాళ్ళు కాక, అలాంటి కుర్చీలో కూర్చుని, ఆ గాలిని ఒంటిమీద పట్టి, ఉందని ఒప్పుకున్న మనిషి ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. కేసు ఓడిపోయినా ఫర్వాలేదనిపించింది ఆ క్షణాన. ముఖం అటు తిప్పుకుని, అద్దం మీద మరక లేకపోయినా చేతిగుడ్డతో తుడిచాడు.

కిందికి దిగాక లాయరమ్మ ఇసుక బస్తా మీద కూర్చుని సీసాడు నీళ్ళు తాగింది. "మీ ఆయన్ని ఇంట్లో ఏమీ అనకమ్మా ఇకమీదట" అంది భార్యతో. "అటక సంగతి వేరు లెండి" అంది భార్య, కళ్ళొత్తుకుంటూనే.

మీటరు పాడైందని ముందే చెప్పినట్టు సాక్ష్యం కావాలి. ఆ రోజు వాకీటాకీలో జరిగిన మాటలు విన్నవాడు కావాలి. అంటే జెండా. "ఒక్కసారి అడిగి చూడండి. రానంటే వదిలేయండి, బలవంతం వద్దు" అంది లాయరమ్మ. అతను వెళ్ళాడు. గుమ్మం బయట జెండా చెప్పులున్నాయి. జెండా భార్య తలుపు ఓరగా తీసి, "ఇంట్లో లేరన్నయ్యా" అంది, కళ్ళు నేలమీద పెట్టుకుని. అతను ఆ చెప్పుల వైపు చూడనట్టే, "ఫర్వాలేదమ్మా, పిల్లలు జాగ్రత్త" అని వచ్చేశాడు. దారిలో జెండా మీద అతనికి కోపం రాలేదు. తనైతే సాక్ష్యానికి వెళ్ళేవాడా అని మాత్రం ఆలోచించాడు.

లేబర్ కోర్టు హాలు చిన్నది. ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలు ఎగరకుండా జడ్జిగారు వాటిమీద కళ్ళజోడు డబ్బా పెట్టుకున్నారు. మేనేజరు బోనులో నిలబడి, ఆ రోజు గాలే లేదని గట్టిగా చెప్పాడు. లాయరమ్మ లేచింది.

"మీరు ఎక్కడ నిలబడి చూశారు?"

"సైటులోనే."

"సైటులో అంటే కింద. పైకి ఎక్కారా?"

"ఎక్కాల్సిన అవసరం లేదు."

"ఎప్పుడైనా ఎక్కారా, ఇన్నేళ్ళలో?"

మేనేజరు తన లాయరు వైపు చూశాడు. "లేదు."

"నేను ఎక్కానండి" అంది లాయరమ్మ. అవతలి లాయరు గబుక్కున లేచి, ఆవిడ సాక్షి కాదని అభ్యంతరం చెప్పాడు. జడ్జిగారు అవునన్నారు. "నిజమే, నేను సాక్షిని కాను" అని ఆవిడ ఒప్పుకుంది. "అందుకే ప్రశ్నే అడుగుతాను. గాలి మీటరు పనిచేస్తోందా ఆ రోజు?"

"చేస్తోంది. పాడైందని నాకెవరూ చెప్పలేదు."

అప్పుడే హాలు తలుపు కిర్రుమంది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెప్పులు బయట విడిచి, జెండా లోపలికి వచ్చాడు. అందరికీ నమస్కారం పెట్టి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మేనేజరు ముఖం మాడిపోయింది.

లాయరమ్మ వెంటనే సాక్ష్యం మొదలుపెట్టలేదు. ముందు జడ్జిగారి వైపు తిరిగి, "ఈ మనిషి ఇంకా ఆ కంపెనీలోనే పనిచేస్తున్నాడు. ఇవాళ ఇక్కడ నిజం చెప్పినందుకు రేపు అతని ఉద్యోగానికి ఏమైనా జరిగితే ఈ కోర్టు చూసుకుంటుందని ముందు రికార్డులో రాయించండి. రాశాకే నేను అడుగుతాను" అంది. జడ్జిగారు రాయించారు. అవతలి లాయరు చేత కూడా ఒప్పుకున్నట్టు చెప్పించారు. మేనేజరు దిగాక, అప్పుడు ఎక్కాడు జెండా బోను.

"మీటరు పాడైందని పైన ఉన్నాయన చెప్పడం మీరు విన్నారా?"

"నేనే కాదమ్మా, అందరం విన్నాం. అందరి వాకీటాకీలూ ఒకే చానెల్ మీద ఉంటాయి. మా సార్ చేతిలో కూడా అదే ఉంటుంది. చాలాసార్లు చెప్పాడు. 'చూద్దాంలే' అనేవారు సారు."

"ఆ రోజు ఏం జరిగింది?"

జెండా గొంతు సవరించుకున్నాడు. "పలక లేచింది, తిరిగింది. అన్న దించేశాడు. నాకు గాలి తగల్లేదండీ, నిజమే చెప్తున్నా. నేను కూడా, ఇదేంట్రా అనుకున్నా. కానీ సిగ్నల్ ఇచ్చేవాడు ఎక్కడుంటాడండీ? పలక ఎత్తే చోటే ఉంటాడు. అది గాని తెగి పడుంటే నా మీదే పడేది. ఈ అన్న నన్ను కాపాడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మొన్న మా ఇంటికొస్తే నేను లేనని చెప్పించాను. మా చిన్నది అప్పుడే, 'నాన్నా, ఇక్కడే ఉన్నావుగా' అంది." జెండా పైవాడి వైపు తిరిగాడు. "ఉన్నానండీ. అన్న వల్ల ఉన్నాను."

బోను దిగి వస్తూ జెండా పైవాడి ముందు ఆగి రెండు చేతులూ పట్టుకున్నాడు. కోర్టు బంట్రోతు ఇలాంటివి కుదరవని చెప్పబోయి, జడ్జిగారు చూడనట్టు కాగితాలు సర్దుకుంటుంటే తనూ ఊరుకున్నాడు.

తీర్పు వర్షాలకి ముందు వచ్చింది. తీసివేత చెల్లదనీ, పాత సర్వీసుతో సహా అదే పనిలోకి తీసుకోవాలనీ, ప్రమాదం ఉందని పని ఆపడం ధిక్కారం కాదనీ జడ్జిగారు రాశారు. ఆ సాయంత్రం ముగ్గురూ మందుల దుకాణం మెట్లెక్కారు. భార్య తను స్వయంగా కుట్టిన మెత్తని దిండొకటి తెచ్చింది, బల్ల కింద పీట మీద వేసుకోవడానికి.

అతను దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "మేడమ్, మీ రుణం..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"ఆగండి. నేను చెప్పాల్సింది ముందు చెప్పనివ్వండి" అంది లాయరమ్మ. లేచి వెనక ఉన్న బీరువా తలుపు తీసింది. పైనుంచి కిందిదాకా ఫైళ్ళు. "ఇవన్నీ ప్రమాదాల కేసులు. ప్రతి దాంట్లో మొదటి కాగితం ఆసుపత్రిది. లేకపోతే మరణ ధ్రువపత్రం. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది ఇదే, అంతా అయిపోయాక వెళ్ళడం. గెలిచినా ఇంటికొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. మీ జెండా నిలబడ్డ బోనులో నా కేసుల్లో ఎక్కువగా పోయినవాడి భార్య నిలబడుతుంది. మొన్న ఆ మనిషి తన కాళ్ళతో తను నడిచి వచ్చి, తన నోటితో తను మాట్లాడాడు. నాకు ఎలా అనిపించిందో మీకు చెప్పలేను. ఎవరికీ ఏమీ కాని కేసు నా చేతికి ఇన్నాళ్ళకి ఒక్కటి వచ్చింది. తెచ్చింది మీరు. థాంక్స్ నేను చెప్పాలి."

బావమరిది మూడు వేళ్ళ చెయ్యి బల్ల మీద పెట్టి, తల వంచుకున్నాడు. భార్యే తేరుకుని, "అయితే ఇద్దరూ ఒకరికొకరు చెప్పేసుకోండి, టీ చల్లారిపోతోంది" అంది. అందరూ నవ్వారు. నవ్వుతూనే లాయరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

అతను మళ్ళీ పనిలో చేరాడు. కొత్త మీటరు బిగించారు. మేనేజరు కొన్నాళ్ళు అతనికి ఎదురుపడకుండా తిరిగాడు. జెండా జోలికి ఎవరూ వెళ్ళలేదు. వర్షాలు మొదలైన కొత్తల్లో ఒకరోజు పలకలు ఎత్తే పనే మళ్ళీ పడింది. అతను ఎక్కి కూర్చున్నాడు. మీటరులో ముల్లు వణుకుతోంది. వాకీటాకీ గరగరమంది. మాట్లాడింది మేనేజరు.

"పైన ఎలా ఉంది?"

ఇన్నేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదటిసారి. అతను ముల్లు వైపు ఒకసారి, పాదాల కింద గాజులోంచి చీమల్లా తిరుగుతున్న మనుషుల వైపు ఒకసారి చూశాడు.

"ఇవాళ కుదరదు సార్."

"సరే, దిగి రా. రేపు చూద్దాం."

అతను బ్రేకు వదిలి, నిచ్చెన పట్టుకున్నాడు. కింద రేకుల షెడ్డులో మేస్త్రీలు అప్పటికే చేరి, పక్కకి జరిగి అతనికి చోటిచ్చారు. జెండా తన గ్లాసులోంచి సగం టీ వేరే గ్లాసులోకి ఒంపి అతని చేతికిచ్చాడు.